చుక్క ముందు ఏటవాలు గీత

కిల్లీబెగ్స్ రేవు కార్యాలయంలో
నాకు ముందు ఈ కుర్చీ డింఫ్నాది.
ఇరవై రెండేళ్లు, చేపల పడవెక్కిన ప్రతి మనిషికీ
ఒక ఫైలు తెరిచి పేరు రాసి పెట్టింది.
ఒడ్డుకు రాని వాళ్ల పేరు చివర
ఒక చుక్క.
ఎందుకని ఎవరూ అడగలేదు.
అడిగితే చెప్పే మనిషీ కాదు.

రాత్రి పదకొండు. కిటికీ మీద వాన
గుప్పెళ్లతో ఉప్పు విసురుతోంది.
నాకప్పగించిన పని చిన్నదే:
చుక్క ఉన్న పేర్లు వేరే అరలోకి జరపాలి.
ఒక్క లైను రాసి ఎంటర్ కొట్టాను.

ఊరంతా మునిగిపోయింది.

రొట్టెల కొట్టు ఈథ్నా, ఐస్ ఫ్యాక్టరీ మాలకీ,
మొన్ననే లైసెన్సు తీసుకున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు,
టీ కప్పుతో నా వెనకే నిలబడ్డ రేవు అధికారి కాహల్,
అందరూ తిరిగిరాని వాళ్ల అరలో.
"ఇంకా వెచ్చగానే ఉన్నానే"
అన్నాడు కాహల్, మణికట్టు పట్టి చూసుకుని.

షెల్‌కి చుక్క అంటే చుక్క కాదు మరి.
ఎవరైనా సరే, ఎందరైనా సరే అని.
ఒక్కరిని పిలవబోతే
ఊరంతా వచ్చి విస్తరి ముందు కూర్చునే పిలుపు.

అందర్నీ వెనక్కి తెచ్చాను, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ.
ఈసారి పక్కపక్కనే రెండు చుక్కలు:
మొదటిది ఎవరినైనా పిలిచేది,
ఏటవాలు గీత చాటున నిలబడ్డ రెండోది
తనను తప్ప ఎవరినీ పిలవనిది.
పదమూడు పేర్లు కదిలాయి.

పద్నాలుగోది పాత కాగితం మీదే ఉండిపోయింది.
పాడ్రిగ్ ఓ'బోయిల్.
ఒంటి కొటేషన్ల మధ్య భద్రంగా పెట్టాననుకున్నా.
పేరులోనే కొక్కెం ఉంది కదా,
అక్కడికే తలుపు పడిపోయిందనుకుంది షెల్.
'ఓ' లోపల, బోయిల్ వానలో.
ఇంకా? ఇంకా? అంటూ
తర్వాతి లైనులో కాచుకు కూర్చుంది.

ఆ గది లోపల గీత కూడా పనిచేయదు.
తలుపు నువ్వే వేసి, బయటికొచ్చి,
కొక్కేన్ని గీత చాటున చేతికిచ్చి
మళ్లీ తలుపు తియ్యాలి.
ఒక మనిషి పేరు పూర్తిగా పలకడానికి
ఇంత తతంగం.

అతని తల్లి నోరా
శుక్రవారాలు వలల షెడ్డు దాటి వచ్చేదట.
"ఈ చుక్కకి అర్థమేంటి?"
"ఏదైనా కావచ్చు నోరా" అనేదట డింఫ్నా.
కాహల్ ఇది చెప్పి, చల్లారిన టీ వంపేసి, వెళ్లిపోయాడు.

నేను ఒక ఖాళీ అర తెరిచాను.
గీత లేకుండా, కొటేషన్ లేకుండా
చుక్కని వదిలాను, ఎవరున్నారో చూసి రమ్మని.
ఎవరూ దొరక్కపోతే షెల్ ఏం చేస్తుందో
మాన్యువల్లో ఉంది, నాకు తెలుసు.
అయినా చూశాను.

తెర మీద
*