ఈల ఆగినప్పుడు

సోమవారం మా వీధి తారు మీద
పసుప్పచ్చ రంగుతో బాణాలు గీసి వెళ్ళారు.
ఇంటికో బాణం, ఇంటికో అంకె.
మా ఇంటి ముందు ఒట్టి ప్రశ్నార్థకం.

న్యూ బెడ్‌ఫర్డ్ కొండవాలులో అందరూ సరేనన్నారు, నేను తప్ప.

సెప్టెంబరు పదిహేను లోపు సంతకం పెడితే
గ్యాస్ పైపు గోడ దాకా ఉచితం.
కొత్త బాయిలర్ మాత్రం నా మీదే:
పదకొండు వేల నాలుగు వందల డాలర్లు.
ఏడాదికి ఎనిమిది వందలు మిగులుతాయట.
కూరగాయల చీటీ వెనక భాగించి చూశాను.
పద్నాలుగేళ్ళు, పైన కొంచెం.
నాకిప్పుడు డెబ్భై ఒకటి.
ఎన్ని గదులు, ఎన్ని కిటికీలు అని అడిగిన కాగితం
ఆ ఒక్క అంకె అడగలేదు.
మర్యాద కాబోలు.

నేలమాళిగలో చమురు ట్యాంకు
నాలుగు పొట్టి కాళ్ళ మీద
వట్టిపోయిన ఆవులా నిలబడి ఉంటుంది.
లౌరేనియో దీవిలో ఆవుల్ని తట్టినట్టే
అరచేత్తో దాని పొట్ట తట్టి
మోతను బట్టి చెప్పేవాడు ఇంకా ఎంతుందో.
గేజీని నమ్మేవాడు కాదు.

లారీ వచ్చిన రోజు నన్ను బయట నిలబెట్టేవాడు.
"విను జుల్మీరా, పోస్తున్నంతసేపూ గొట్టం ఈల వేస్తుంది.
లోపలి గాలి వెళ్ళిపోతూ వేసే ఈల.
అది ఆగిందా, నిండినట్టు."
ఆయన పోయాక కూడా
చలికోటు మీద ఏప్రన్ కట్టుకుని
ఆ ఈలకి చెవి ఒగ్గి నిలబడుతూనే ఉన్నాను.

అలాగని చమురుని వెనకేసుకు రాను.
ధర ఆకాశాన్నంటిన ఆ ఫిబ్రవరి,
పై అంతస్తులో అద్దెకున్న బ్రూనిల్డ పసిదానికి దగ్గు,
అర్ధరాత్రి ట్యాంకు అడుగంటింది.
మూల బంకు నుంచి డీజిల్ డబ్బాలు మోసుకొచ్చి
మోకాళ్ళ మీద కూర్చుని, బర్నర్‌లో గాలి తీస్తూ
ఏ పాదిరికీ చెప్పుకోలేని మాటలన్నాడు ఆయన.
ఆదివారం సత్ప్రసాదం అందుకున్న చేతికీ
అదే వాసన.

మా చెల్లెలు ఎర్మెలిందకి గ్యాస్ అంటే హడలు.
"కంటికి కనపడదు, తట్టి చూద్దామంటే పొట్ట లేదు.
ఎక్కణ్ణించి వస్తుందో, ఎప్పుడాపుతారో!"
కరెంటూ అంతే కదే అన్నాను.
"దాన్ని మాత్రం నేనెప్పుడు నమ్మాను?" అంది.

నిన్న లారీ వచ్చింది.
ఇరవై ఆరేళ్ళుగా మాకు పోస్తున్న ఓస్వాల్దో.
పావు ట్యాంకే చాలన్నాను, కారణం నీళ్ళు నమిలాను.
గొట్టం చుట్టుకుంటూ తలెత్తకుండా
"మా ఇంట్లో పెట్టించి రెండేళ్ళయింది" అన్నాడు.
ఏది, గ్యాసా?
"మా ఆవిడ పోరు పడలేక."
నవ్వాం ఇద్దరం.
అతను కొంచెం ఆలస్యంగా.

కానీ ఈల మధ్యలోనే తెగిపోయింది నిన్న.
నిండి ఆగడం వేరు, ఆపితే ఆగడం వేరు.
వినడానికి రెండూ ఒకటే. అదే నాకు నచ్చలేదు.

రాత్రి కాగితం ముందేసుకున్నాను.
చేతికి దొరికిన పెన్ను మీద చమురు కంపెనీ పేరు,
క్రిస్మస్‌కి కేలండరుతో పాటు ఇచ్చింది.
దాంతోనే పెట్టాను సంతకం.
పైపుని గోడ దాకా రానివ్వండి,
లోపలికి ఎప్పుడన్నది నేను చెబుతాను
అని అంచులో రాశాను.
ఆ మాటకి వాళ్ళ కాగితంలో గడి లేదు.

తర్వాత కిందికి దిగి
అరచేత్తో పొట్ట మీద ఒకసారి తట్టాను.
ఎంతుందో నాకేం తెలిసింది,
చల్లగా ఉందని తప్ప.