మొదటి అంకె

పడవ వెనక పలకకి కొట్టిన రేకు మీద
మొదటి అంకె అరిగిపోయింది.
మిగిలింది ఎనభై ఐదు.
దానికి ముందు మూడో, నాలుగో, ఐదో.
"ఐదే," అన్నాడు నా తమ్ముడు కేటిల్, అడక్కుండానే.
వాడి లెక్కలో చేపలెప్పుడూ ఎక్కువే, బరువెప్పుడూ తక్కువే.

విన్నిపెగ్ సరస్సుకి లోతు లేదు.
లోతు లేనివాళ్ళకి కోపం తొందర.
గాలి ఉత్తరానికి తిరిగిందంటే
పొట్టి అలలు, నిటారుగా,
ఒకదాని మడమ తొక్కుతూ ఇంకొకటి.
ఆ అంకె తెలియకుండా రేవు దాటనివ్వనన్నాను.

వాడి కూతురు రూనా అట్టముక్క మీద బొమ్మ గీసింది:
వల లాగే మర, దానికో బ్యాటరీ,
ముందువైపు ఎత్తుగా చెక్క అరుగు,
అరుగు మీద తను, నడుం మీద చేతులేసుకుని.
బాగుంది బొమ్మ.
నీళ్ళు గీయడం మర్చిపోయింది.

ముందు పాత బల్ల విప్పాం.
మునిగినా తేలాలని దాని కింద కూరిన ఫోమ్
పిండితే కారింది.
చేపల ఫ్యాక్టరీ కాటా మీద నలభై కిలోలు తూగింది.
పొడిగా ఉంటే ఆరు.
ఎన్నేళ్ళనుంచో ముప్ఫై నాలుగు కిలోల సరస్సుని
టిక్కెట్టు లేకుండా తిప్పుతున్నామన్నమాట,
ఆదుకుంటుందని నమ్మిన చోటే కూర్చోబెట్టి.

అదే కాటా మీదకి కేటిల్‌ని ఎక్కమన్నాను.
తొంభై అన్నాడు.
బూట్లు విప్పాడు. బెల్టు విప్పాడు.
నూట ఎనిమిది.
"ఇది చేపల కాటా," అన్నాడు దిగుతూ.

మంగళవారం గాలి పడిపోయింది.
చర్చి వంటింట్లోవి, ఒలేనా నేలమాళిగలోవి,
ఇరవై లీటర్ల క్యాన్లు తెచ్చి
సరస్సు నీళ్ళే నింపి సరస్సు మీదకి మోయించాం.
మోటారు లేదు, మనిషి లేడు, ఉత్త నీళ్ళు.
అంచునుంచి జానా బెత్తెడు కిందకి సుద్దగీత.
ఆ గీత తడిస్తే మా నాన్న కాలు పెట్టేవాడు కాదు.
ఇరవై నాలుగో క్యాను దగ్గర నీళ్ళు గీతని తాకాయి.
ఇరవై ఐదోది పెట్టగానే గీత లేదు.

నాలుగు వందల ఎనభై ఐదు.
మోటారు డెబ్బై నాలుగు తినేసింది.
బ్యాటరీ ఇరవై ఆరు, మర ముప్ఫై ఒకటి,
తడిసిన వల యాభై రెండు.
తమ్ముడు, నిజం బరువుతో. రూనా అరవై ఒకటి.
అరుగు నలభై ఎనిమిది. కానీ అది ఎత్తుమీద కూర్చునే బరువు.
చంకలో బిందె, తలమీద బిందె
కాటాకి ఒకటే. కాలు జారినప్పుడు ఒకటి కాదు.

అన్నీ పోగా మళ్ళీ ఎనభై ఐదు.
"రెండు డబ్బాలు పడతాయి!" కేటిల్ ముఖం వెలిగింది.
నేను పెన్సిల్ కింద పెట్టాను.
"ఆస్గేర్ ఎంత ఉండేవాడు?"

ఆ అక్టోబరులో మా పడవ నిండుగా ఉంది.
పైకి లాగుదామంటే అంచు నీళ్ళని తాకుతోంది.
డబ్బాలు ఒక్కొక్కటే విసిరేస్తున్నంతసేపూ
అతను అంచు పట్టుకునే ఉన్నాడు.
తొమ్మిది డబ్బాలు.
ఏడోదాకా ఉన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు.
రూనాయే అట్టముక్క తిప్పి
అరుగుని అడ్డంగా కొట్టేసింది.
దాని బరువుకి ఒక డబ్బా చేపలు వస్తాయి.
ఆ ఎనభై ఐదు మాత్రం ఖాళీగా ఉండాలి,
ఇంకా నీళ్ళలో పడని మనిషి కోసం.

సాయంత్రం మేకుతో రేకు మీద నాలుగు చెక్కింది,
కొంచెం వంకరగా.
కేటిల్ బొటనవేలు కొత్త అంకెని దాటి
పక్కనున్న రెండింటి మీద ఆగింది.

మర్నాడు ఒక్క డబ్బాతో తిరిగొచ్చారు.
ధర కూడా ఏమంత బాగా లేదు.