పదిహేడో గుంట

అల్లూరు దాటి ఇసకపల్లి దారిలో
పైడేరు ఉప్పుగాలి మొదలయ్యే చోట
ఇరవై రెండు గట్ల మీద
ఇరవై రెండు మైకులు కట్టాను.
అరచేయంత పెట్టెలు. వానకి తడవకుండా
ఒక్కోదానికీ పాలపాకెట్టు తొడిగాడు
తుపాకుల పోలయ్య.

నా పని కప్పల్ని వినడం.
వరి ఉన్న మడిలో ఎన్ని గొంతులు,
వరి తీసి రొయ్య వేసిన గుంటలో ఎన్ని,
రొయ్య చచ్చి వదిలేసిన గుంటలో ఎన్ని.
మూడు గళ్ళ పట్టిక. యూనివర్సిటీలో గోడ మీద వేసి చూపించినప్పుడు
ఎంత శుభ్రంగా ఉండిందో.

ఇక్కడ ఏరేటర్లు రాత్రంతా నీళ్ళను చిలుకుతాయి.
ఆ చప్పుడు అడుగున ఏదైనా గొంతుందేమోనని
చెవులు నొప్పెట్టేదాకా వింటాను.
సున్నా రాస్తాను. మళ్ళీ సున్నా.
సున్నా కూడా లెక్కేనంటారు మా సారు.
రాసీ రాసీ చెయ్యి ఎంత తిరిగిందంటే
సరుకుల చీటీలో కూడా నా సున్నాలు అందంగా వస్తున్నాయి.

పోలయ్యకు రెండు జీతాలు.
పగలు గుంట ఓనరు దగ్గర, నీటికాకుల్ని తోలడానికి:
వల మీద వాలితే డబ్బా కొడతాడు, టపాసు పేలుస్తాడు.
సాయంత్రం నా దగ్గర,
అవే నీటికాకుల్ని లెక్కపెట్టడానికి.
"పొద్దున నేను తోలినయ్యి మాపటికి రాస్తే
దొంగలెక్క కాదా మేడం?" అన్నాడొకరోజు.
జవాబు ఇంకా వెతుక్కుంటున్నాను.

ఒకప్పుడు ఈ గట్లలో వాళ్ళ నాయన
కుండతో పొగబెట్టి ఎలకల్ని పట్టేవాడట.
కోతలయ్యాక బొరియలు తవ్వి
అవి దాచిన వడ్లు మూటకట్టి తెచ్చేవాడట.
"మొలగొలుకులు మేడం. ఏ వడ్లు దాచుకోవాల్నో
ఎలకకి తెలుసు."
ఈ మాటని ఏ గడిలో రాయను?
నా వ్యాసం చదివిన పెద్దలు అడిగారు,
మార్పుకు ముందు ఏముండేదో రుజువేదని.

సుగుణమ్మ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను.
ఐదెకరాల మడి లీజుకిచ్చింది ఆమే.
గ్లాసుడు మజ్జిగ ఇచ్చి, అప్పుల పుస్తకం తెరిచింది.
అదీ పట్టికే, నాదానికంటే పాతది.
ఆమె సున్నాలన్నీ
అంకెకు కుడివైపున ఉన్నాయి.

పదిహేడో గుంటలో తెల్లమచ్చ వచ్చి రొయ్య పోయింది.
మూడేళ్ళుగా ఎండి, ఉప్పు పొక్కులు లేచింది.
గట్టు వార ఇలకూర ఎర్రబడింది.
అక్టోబరులో వాన పడిన రాత్రి, రెండూ నలభైకి,
అక్కడొక గొంతు.

కంప్యూటరు చెప్పింది: బోదురుకప్ప.
నూటికి తొంభై ఒక్క పాళ్ళు నమ్మకం.
కుర్చీలోంచి లేచి నిలబడి విన్నాను.
బొంగురుగా, లోతుగా, మూడుసార్లు,
కూతకీ కూతకీ మధ్య ఎదురుచూసేంత ఖాళీ.
నాలుగోసారికి ముందు
దగ్గు.
అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

తెల్లారి అడిగితే పోలయ్య తల గోక్కున్నాడు.
"మా నాయన నేర్పిన కూత మేడం.
వాన పడింది గదా, ఎవురన్నా ఉండారేమోనని పిలిచా.
ఉంటే ఊరుకోవు, పలుకుతాయి."
పలికాయా?
గుంట వైపు చూశాడు.
"ఇంగా ఉప్పగానే ఉండాయి నీళ్ళు."

ఆ తేదీ గడిలో సున్నా రాశాను.
పద్ధతి ప్రకారం ఫైలు చెరిపెయ్యాలి. చెరపలేదు.
ఇప్పుడు వాయుగుండం అంటున్నారు, మళ్ళీ వానలు.
మైకు ఉన్న గట్టు మీద కూత పెట్టొద్దని
పోలయ్యకు గట్టిగా చెప్పాను.

చెప్పి,
పదిహేడో గుంట మైకుని విప్పి
వేరే గట్టుకి కట్టాను.