మూల నుంచి మూలకి

నేను కొలిచేది అడ్డం, నిలువు.
ముప్పై ఏళ్ళుగా అంతే.
పూర్ణా మార్కెట్ వెనక సందులో
నా మిషను కింద నుంచి ఎన్ని సంచులు పోయాయో:
బడి సంచులు, క్యారేజీ సంచులు,
డాక్‌యార్డు వాళ్ళ పనిముట్ల సంచులు.
ఈ లాప్‌టాప్ ఒక్కటే
మూల నుంచి మూలకి కొలుస్తారట.
"పద్నాలుగా, పదిహేను పాయింట్ ఆరా?" అని
డాబాగార్డెన్స్ కొట్లో కుర్రాడు అడిగితే
మెడలో టేపు లేదని గుర్తొచ్చి
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

కుసుమ రెండూ ఒళ్ళో పెట్టుకుని చూసింది.
పెద్దది తెరిస్తే
రెండు పేజీలు పక్కపక్కన పడుకున్నాయి,
చాప మీద అక్కచెల్లెళ్ళలా, ఎవరి దుప్పటి వాళ్ళది.
చిన్నదాంట్లో ఒకరి మీద ఒకరి కాలు,
అంకెల గళ్ళన్నీ చీమల బారు.
దాని ముక్కు మెల్లగా తెర దగ్గరికి జరిగింది.
నేను చూశానని దానికి తెలీదు.

నేను పెద్దదాని పక్షం.
సూదిలో దారం ఎక్కించడానికి
పక్క కొట్టు పిల్లాణ్ణి పిలిచే రోజులొచ్చాయి నాకు.
భుజం నొప్పెడితే బామ్ రాసుకుంటాం,
కంటికి అతుకు వెయ్యగలమా?

"బస్సెక్కేది నేను కదా నాన్నా" అంది.
మర్రిపాలెంలో ఒకటి,
మద్దిలపాలెంలో మారితే ఇంకొకటి,
ఎండాడ దాటాక దిగి మిట్ట మీదికి నడక.
సీటు దొరికితే దేవుడే.
లేకపోతే ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో సంచి,
చిల్లర పళ్ళ మధ్య.

వాళ్ళమ్మ వాదనలోకి రాలేదు.
పాత సంచిలో రెండు కిలోల కందిపప్పు కుక్కింది,
ఛార్జరు బదులు రుబ్బురోలు పక్కనున్న గుండ్రాయి,
అన్నం డబ్బా, నీళ్ళ సీసా, గొడుగు.
"నాలుగు రోజులు మొయ్యవే గుంటా,
అప్పుడు సూద్దాం."

సోమవారం కందిపప్పు కాలేజీకి వెళ్ళొచ్చింది.
మంగళవారం వెళ్ళొచ్చింది.
బుధవారం వానలో ఇసుకతోట దగ్గర గంటసేపు నిలబడింది.
గురువారం సాయంత్రం
కుసుమ చున్నీ పక్కకి జరిగితే
ఎడం భుజం మీద పట్టీ అచ్చు,
ఎర్రగా,
నేను వేసిన డబుల్ కుట్టు చుక్కచుక్కా లెక్కపెట్టుకునేటట్టు.

శుక్రవారం ఆ పప్పే వండుకున్నాం.
అంత చదువుకున్న పప్పు కదా,
ఎన్ని విజిల్స్‌కీ లొంగలేదు.

నాకు తెలియని సంగతేం కాదిది.
బాగుకి వచ్చే సంచులన్నీ ఒక్కచోటే తెగుతాయి,
పట్టీ వీపుని కలిసేచోట.
పెద్ద సంచుల పిల్లలు ఏడాదికి రెండుసార్లు వస్తారు.
నా దారాన్ని తెంపిన బరువు
ఇంకా ఎక్కడెక్కడ లాగిందో
ఏ పిల్లనీ అడగలేదు నేను.
నలభై రూపాయలు తీసుకుని పంపేశాను.

పద్నాలుగే తెచ్చాం.
ఇంటికొచ్చాక టేపు వేసి చూశాను,
మూల నుంచి మూలకి.
కొట్టు కుర్రాడు అబద్ధం చెప్పలేదు.
కుసుమ దాన్ని నా మిషను బల్ల మీద పెట్టి
ఏదో నొక్కి అక్షరాలు పెద్దవి చేసి చూపించింది.
"పెద్దవైతే తక్కువ పడతాయి కదమ్మా?"
"కిందికి జరుపుకుంటూ పోతాను.
నువ్వు గుడ్డ జరుపుతావు చూడు, అలా."

రాత్రి దానికి సంచి కుట్టాను.
ఈ ఊరి గాలికి ఇనప జిప్పు ఆరు నెలలు ఆగదు,
ఉప్పు పట్టి పళ్ళు బిగుసుకుంటాయి,
అందుకని నైలాన్‌ది, మైనం రుద్ది.
పట్టీల కింద దూది రెండు వరసలు.
ఇక లోపలి అంచులో, ఎవరికీ కనపడకుండా,
రెండు వేళ్ళ గుడ్డ మడిచి వదిలాను.
ఎప్పుడైనా కన్ను గెలిస్తే
కుట్టు విప్పుకోవచ్చు.

పొద్దున్న తగిలించుకుని
వాకిట్లో అటూ ఇటూ నడిచింది.
"అంచు దగ్గర కొంచెం లావుగా ఉందేంటి నాన్నా?"
కొత్తది కదా, అన్నాను.
బస్సు పోతోంది, వెళ్ళు.