అక్షింతల పురుగు దస్తావేజు

మిషిగన్ ఎగువ కొనలో, అక్టోబరు ఎండకి
ఆఫీసు కిటికీ నిండా అక్షింతల పురుగులు.
మంచు పడకముందే గోడ సందుల్లో తలదాచుకోడానికి వస్తాయి.
ఏటా వాటిని ఊడ్చేది నేనే.
నోటరీ ముద్ర కొట్టేదీ నేనే.

వెర్నా కొస్కెలా ఒక కాఫీ డబ్బా తెచ్చింది.
మూత తీస్తే ఇంకా పొడి వాసన.
లోపల ఇంటి కాగితం, మేపుల్ తోట పన్ను రశీదులు,
ఆసుపత్రి వాళ్ల ఎర్రక్షరాల ఉత్తరాలు మూడు,
మేనల్లుడి దుంగల బండికి రీనో పెట్టిన హామీ సంతకం.
ఆ బండి ఇప్పుడు లేదు, మేనల్లుడూ లేడు,
సంతకం ఉంది.

వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో రీనో మంచం
నెలకి తొమ్మిది వేల డాలర్లు తింటోంది.
రీనో గిన్నెడు జావ కూడా తినడు.

వకీలు బెర్జెరాన్ నెమ్మదిగా చెప్పాడు:
సాయం అడిగితే ప్రభుత్వం
అరవై నెలలు వెనక్కి తిరిగి చూస్తుంది,
ఎవరికేమిచ్చారు, బదులేం పుచ్చుకున్నారు అని.
వెర్నా నవ్వింది. నవ్వు కాదది.
"మా ఆయన అరవై నిమిషాలు వెనక్కి చూడలేడు.
నిన్న నన్ను పోస్టాఫీసు మనిషివా అన్నాడు.
అరవై ఏళ్ల కిందటిది అడగండి,
గని సైరన్ ఏ వేళకి మోగేదో చెప్తాడు.
మీక్కావలసిన నడిమివే లేవు."

మూడేళ్ల కింద
చెల్లెలి మనవరాలు ఐలాకి పన్నెండు వేలిచ్చింది.
నర్సు చదువుకి.
చల్లని చెయ్యి అన్నారు చర్చిలో అందరూ.
మా ఫారంలో దానం అనే గడి లేదు.
"బదిలీ" అని టైపు చేశాను.
సుమారు నెలా పది రోజుల మంచం ఖర్చు
ఇక ఆమే మోయాలి.

లెక్కలోకి రానివీ ఉంటాయి, చదివి వినిపించాను.
పెళ్లి ఉంగరం. ఒక కారు. పాతిపెట్టడానికి కొనుక్కున్న జాగా.
ఆమె ఉన్నన్నాళ్లూ ఆమె ఉండే ఇల్లు.
"మరి సావ్నా గది? విడిగా, సరస్సు ఒడ్డున కట్టాడు.
మొదటి ఆవిరికి నేనే నీళ్లు పోశాను."
వకీలు పెన్ను కొరుకుతూ కాసేపు ఆగాడు.
"అదీ ఇల్లే" అన్నాడు.

"నేను పోయాక?"
పోయాక, ఇచ్చింది రాబట్టుకోడానికి ప్రభుత్వం తలుపు తడుతుంది.
అందుకే ఈ కాగితం.
ఊపిరున్నంత వరకూ ఇల్లు నీదే, అమ్ముకో, తగలేసుకో,
ఆగిన క్షణాన, కోర్టు గడప తొక్కకుండా, ఐలాది.
లేడీబర్డ్ దస్తావేజంటారు దీన్ని.
ఎందుకంటారో వకీలుకీ సరిగా తెలీదు.

సంతకాలు రెండు చొప్పున,
తనదొకటి, రీనో తరఫున ఒకటి.
రెండోది పెట్టినప్పుడల్లా అక్షరాలు ఎడమకి వాలాయి,
అచ్చం ఆయన రాసినట్టు.
ఎవరో చల్లినట్టు బల్లమీద పురుగులు.
ఒకటి నడుచుకుంటూ వచ్చి
నేను ముద్ర వెయ్యాల్సిన చోట ఆగింది.
వెర్నా దాన్ని గోటిమీదకి ఎక్కించుకుని
కిటికీలో దించింది, లోపలివైపే.

వకీలు ఇంకో గదిలోకి వెళ్లిపోయాడు.
కోటు వేసుకుని తలుపుదాకా వెళ్లినామె
వెనక్కొచ్చింది.
"రీనో పడిపోకముందు కొట్టిన కట్టెలున్నాయి,
షెడ్డు గోడకి పేర్చినవి, నా భుజమంత ఎత్తు.
ఇంకా కాల్చబుద్ధి కాలేదు.
అవి ఆస్తి కిందకొస్తాయా?"

సలహా చెప్పే హక్కు నాకు లేదు.
ముద్ర మూత బిగించాను.
నాకు తెలీదు కూడా.
రావు అన్నాను.