తిరగబడ్డ అచ్చరం

దేవరకొండ ఖిల్లా మీద పొద్దు పొడవంగనే
సుత్తె, రెండు ఉలులు సంచిల ఏసుకొని
గోరీల దిక్కు పోయిన.
పాస్టరు నిన్ననే చెప్పిండు:
"పేరు మాసిపోతున్నది, జర లోతుగ కొట్టు.
గా తప్పు గూడ సరిజెయ్యి."

తప్పంటే రెండో అచ్చరం.
ఇంగ్లీషు జెడ్డు, అద్దంల చూసినట్టు
ఎనక్కి మర్లి ఉన్నది.
కొట్టింది మా తాతకు తాత, ఓర్సు తిప్పయ్య.
తిప్పయ్య కదా తిప్పిండని
ఊరోళ్లు ఇప్పటికీ నవ్వుతరు.

ఎజ్రా దొర.
ఊరి నోట్ల నాని నాని ఎజ్జయ్య అయిండు.
ఆడ, సముద్రాల అవతల,
వాళ్లల్ల వాళ్లకు లడాయి అయినప్పుడు
పటాలంల కోత డాక్టరంట.
కోసిన కాళ్లు కిటికీల నుంచి బయట పడేస్తే
కుప్పల కొన్నిటికి బూట్లు ఇంకా ఉండెనంట.
ఇవి ఏ కాయితంల లేవు.
ఆయనకు వంట చేసిన కంకణాల రాహేలు
చెప్పంగ చెప్పంగ మా ఇంటిదాంక వచ్చినయి.
నడిరాత్రి లేచి కూసొని
"బూట్లన్న ఇడువుండ్రి" అని అరిచేటోడంట
వాళ్ల భాషల.
ఆ ఒక్క మాట రాహేలుకు నోటికొచ్చింది.
చచ్చేదాంక మర్వలే.

ఎర్రగోని బుచ్చిలింగం మోకు తెగి
తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు.
పిక్క చీల్చుకొని బొక్క బయటికొచ్చింది.
మంచం మీద ఏసుకొని తెచ్చిండ్రు.
దొర పెట్టె తెరిచి రంపం తీసిండు.
చూసిండు.
తుడిచిండు.
మల్ల పెట్టెల్నే పెట్టి
"వెదురు దబ్బలు తెండ్రి" అన్నడు.
నలభై రోజులు పుండు కడిగిండు, ఈగలు కొట్టిండు,
కాలు దక్కింది. వంకరగ దక్కింది.
"తాడెక్కలేని కాలు ఎందుకురా నాకు" అని
బుచ్చిలింగం కల్లు తాగిన ప్రతి రాత్రి
దవాఖాన ముంగట నిలబడి తిట్టేటోడు.
దొర దీపం తగ్గించి ఇనేటోడంట.
లోపలికి పోయి తలుపు మాత్రం ఏసుకోలే.

గత్తర వచ్చిన ఏడు
ఊరు సగం చెల్కలళ్లకు పారిపోయింది.
పోనోళ్లకు ఉప్పునీళ్లు తాపుకుంట తాపుకుంట
ఆయన గూడ పండిండు. ఒక్క పొద్దే.
ఎండలు. పీనుగు ఆగదు.
పట్వారీ ఏ నంబర్ల జాగ లేదన్నడు.
మాదిగోళ్లు తమ గోరీల పక్కన
ఒక మనిషి పట్టేంత భూమి చూపెట్టిండ్రు.

మూడడుగులకే బండ.
మా వడ్డెరోళ్లు తుమ్మ మొద్దులు పేర్చి కాల్చిండ్రు,
ఎర్రగయినంక నీళ్లు పోసిండ్రు.
బండ పగిలిన సప్పుడుకు
చింతల మీది కొంగలు లేచినయంట.
కోడి కూసేటాళ్లకు గుంత అయితే అయింది గని
మనిషి పొడుగు, గుంత పొట్టి.
"కాళ్లు మడిచి పెడదాం" అన్నరెవరో.
అప్పటిదాంక నోరు తెర్వని బుచ్చిలింగం
గుంతల కాళ్ల దిక్కుకు దిగి కూసున్నడు.
"ఆయన కాళ్లు ముట్టద్దు. కొట్టుండ్రి ఇంకింత."
ఇంకింత కొట్టిండ్రు.

తరువాత తిప్పయ్య
దొర సందుగ మీది అచ్చరాలు బొగ్గుతో దించుకొని
నల్లరాయి మీద చెక్కిండు.
ఏది మొకమో, ఏది ఈపో
ఆయనకెవరు చెప్పిండ్రు?
చూసినంత కొట్టిండు.
అడిగితే కూలి ముట్టలేదన్నడంట.
ఆ మాటల నిజమెంతో నాకు తెల్వదు,
మా ఇంట్ల అందరు గొప్పలు చెప్పేటోళ్లే.

ఉలి ఆనిచ్చి శానసేపు కూసున్న.
సరిజెయ్యాలంటే
బొటనేలు మందం రాయి మొకం దించాలె,
తిప్పయ్య దెబ్బలన్ని పిండి అయి రాలాలె.
గాడి పట్టుకొని పోయిన.
ఆయన యాడ ఆగిండో ఆడ ఆగిన,
యాడ మర్లిండో ఆడ్నే మర్లిన.

పొద్దుగూకినంక పాస్టరు వచ్చి
అద్దాలు పెట్టుకొని చూసిండు.
ఏమనలే.
కూలిల రెండొందలు పట్టుకున్నడు.