వచ్చే ఆదివారం

జూన్‌లో బల్లారట్ చలికి
రేకుల షెడ్డు లోపల కూడా నోట్లోంచి పొగ వస్తుంది.
స్టాండ్ల మీద ముందుకాళ్ళు పైకెత్తి కూర్చుంది
డెబ్బై రెండు నాటి డాట్సన్, ఆవపిండి రంగుది.

"కుడి ముందు చక్రం దగ్గర టక్కుమంటుంది,
పట్టించుకోకు, అలవాటైపోతుంది" అంటూ
తాళాలిచ్చింది ఐరిస్ కెండ్రిక్, ఎనభై రెండేళ్ళ మనిషి.
నాకు అలవాటు కాలేదు.
పగలల్లా కట్టుడుపళ్ళు అరగదీసే పని నాది.
వెంట్రుకవాసి ఎత్తు తేడా వస్తే
ఓ పెద్దాయన పూటంతా నమల్లేక కూర్చుంటాడని తెలిసినదాన్ని.
టక్కుమంటే టక్కే.

ముందు ఎడమ వైపు మొదలుపెట్టాను.
స్ప్రింగుకి రెండు కొక్కేలు తగిలించి
అటు అర చుట్టు, ఇటు అర చుట్టు.
నొక్కిపెట్టిన స్ప్రింగుకి ఎదురుగా మొహం పెట్టకూడదు.
మా మేనత్త మౌనం లాంటిది అది,
ఊరుకుంది కదా అని దగ్గరికి పోతే
అంతే సంగతులు.

గొట్టం మూతికి బిగిసిన పెద్ద నట్టు
నేను రానంది.
నూనె పోసి మినుముల్లాగా రాత్రంతా నానబెట్టాను.
మర్నాడు మంట చూపించాను.
రైల్వే వర్క్‌షాపులో నలభై ఏళ్ళు చేసిన పక్కింటి డార్సీ
పైపు రెంచికి తనంత పొడుగు ఇనప గొట్టం తొడిగి
"దాన్ని అడక్కు, చెప్పు" అన్నాడు.
ఇద్దరం వేలాడి చెప్పాం.
కీచుమని ఒప్పుకుంది.

పాత ఇన్సర్టు బయటికి లాగాను.
నొక్కితే కిందికి పోయింది,
మళ్ళీ పైకి రావాలన్న ధ్యాసే లేదు దానికి.
గొట్టం అడుగున ఇంకేదో అంటుకుని ఉంది.
బోర్లించి తడితే అరచేతిలో పడింది
బొటనవేలి కణుపంత నీళ్ళ పైపు ముక్క.
పొట్టి ఇన్సర్టుకి కింద ఎత్తు కోసం కోసి పెట్టినది.
రెండంచులూ ఆకురాయితో రాసి, పదును విరిచి,
తడిమితే పాలపన్నంత నున్నగా.
ఎవరూ చూడని చోట, ఆ నూనె చీకట్లో,
ఎవరి మెప్పు కోసం ఇంత నునుపు?
లోపలి గోడ మీద మేకుతో గీసిన అంకెలు:
21-9-86.

కుడి గొట్టం విప్పుతున్నంతసేపూ
దాని జోడు కోసం చెయ్యి చాపుకునే ఉన్నాను.
ముక్క లేదు.
అసలు ఇన్సర్టే లేదు.
ఫ్యాక్టరీలో పెట్టిన తొలినాటి కడ్డీ, దాని కవాటం,
అడుగున చెంచాడు మసినీళ్ళ లాంటి నూనె.

ఐరిస్‌కి ఫోన్ చేశాను.
కాసేపు అవతల కెటిల్ కూత తప్ప ఏమీ లేదు.
"ఎడమది అయ్యేసరికి వాన మొదలైంది.
అప్పుడు నాకు షెడ్డు లేదు.
కుడిది వచ్చే ఆదివారం చేద్దామనుకున్నాను."

ఆ ఆదివారానికిప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు నిండాయి.
నేను నవ్వలేదు.
మా వంటింటి అలమరకి ఒక తలుపు
గోడకి ఆనించి ఉంది, ఎన్నాళ్ళుగానో చెప్పను.

కొలిచి ఇంకో ముక్క కోశాను, రాశాను, మళ్ళీ రాశాను.
వేడి లాక్కోవడానికి గొట్టంలో గుక్కెడు కొత్త నూనె,
అందులోకి మెల్లగా దిగింది కొత్త ఇన్సర్టు,
కుంచెడు గాలి బుడగలు వదిలి.
ఎడమ వైపు అడుగున ఆమె ముక్కే పెట్టాను.
అంతకంటే బాగా నాకు రాదు.

శనివారం ఐరిస్‌ని ఎక్కించుకుని
వెండూరీ చెరువు పక్కన ట్రామ్ పట్టాలు దాటాను.
పట్టా రాకముందే
ఆమె కుడి భుజం తనంతట తానే పైకి లేచింది,
టక్కు కోసం.
టక్కు రాలేదు.
భుజం అక్కడే నిలిచిపోయింది,
మెట్టు ఉందనుకుని వేసిన పాదంలా.

"ఎడమది కూడా మార్చావా?"
"మార్చాను."
"నాది బానే ఉందిగా!"
"మీ ముక్క అక్కడే ఉందండీ."

అప్పుడు దించింది.